నలభై ఒకటి దగ్గర నిలిచిన లెక్క

2019 డిసెంబరు 31వ తేదీన చైనాలో హుబే రాష్ట్ర ముఖ్యపట్టణమైన వుహాన్‌లో నగర ఆరోగ్య కమిషన్ వారు ఒక చిన్న ప్రకటన విడుదల చేశారు. నగరంలో 27 మందికి వైరస్ వల్ల వచ్చినట్టున్న న్యుమోనియా కనబడిందనీ, వారిలో 7గురి పరిస్థితి తీవ్రంగా ఉందనీ, చాలామందికి హువానాన్ చేపల మార్కెట్టుతో సంబంధం ఉన్నదనీ అందులో చెప్పారు. ఆ తర్వాత వచ్చే మాటలే ఈ వ్యాసానికి మూలం. ఇంతవరకు జరిపిన పరిశీలనలో మనిషి నుంచి మనిషికి సోకినట్టు స్పష్టమైన ఆధారం కనబడలేదు. వైద్య సిబ్బందిలో ఎవరికీ సోకలేదు. ఇది నివారించదగిన, అదుపు చేయదగిన వ్యాధి. ప్రకటన సారాంశం ఇది.

ఈ ప్రకటన అబద్ధమా అని అడిగితే వెంటనే ఔననడం కష్టం. మాటలు ఒక్కొక్కటీ పట్టి చూడండి. "సోకదు" అని ఎక్కడా అనలేదు. "ఆధారం కనబడలేదు" అన్నారు. ఆ ఆధారానికి ముందు "స్పష్టమైన" అనే విశేషణం ఒకటి తగిలించారు. అంటే అస్పష్టమైన ఆధారం ఏదైనా కనబడి ఉంటే దాని సంగతి చెప్పవలసిన పని తప్పిపోయింది. "ఇంతవరకు" అనే మాటతో రేపటి పూచీ కూడా వదిలిపోయింది. భారతంలో ధర్మరాజు ద్రోణుడితో అశ్వత్థామ చావును గురించి చెప్పిన మాట మనకందరికీ తెలుసు. ఏనుగు అన్న మాట ఉన్నది, వినబడకుండా ఉన్నది. సర్కారు ప్రకటనల్లో ఏనుగు ఎక్కడుందో వెతుక్కోవడం చదివేవాడి పని అయిపోయింది.

వుహాన్ విషయంలో ప్రపంచమంతటా సందేహాలు లేచాయి. వాటిలో కొన్ని పూర్తిగా సబబైనవి, కొన్ని అసలు కాళ్ళూ చేతులూ లేనివి. ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని వేరుచేయడం ఎలాగో చూడాలంటే 41 అనే అంకెను పట్టుకుని నడవడం మంచిది.

అంకె పుట్టుక

డిసెంబరు 31న 27గా ఉన్న సంఖ్య జనవరి 3న 44 అయింది. జనవరి 5న 59 అయింది. ఆ తర్వాత అయిదారు రోజులు ప్రకటనలే లేవు. జనవరి 11న మళ్ళీ ప్రకటన వచ్చేసరికి సంఖ్య 41కి దిగింది! వ్యాధి తగ్గిందేమో అనుకుంటాం. తగ్గింది వ్యాధి కాదు, లెక్కలోకి తీసుకునే మనుషులు. అంతకుముందు "కారణం తెలియని న్యుమోనియా" వచ్చినవాళ్ళను లెక్కపెట్టారు. ఇప్పుడు కొత్త కరోనా వైరస్ అని ప్రయోగశాలలో ఖాయమైనవాళ్ళను మాత్రమే లెక్కపెట్టారు. జనవరి 3 తర్వాత కొత్త కేసులేవీ లేవని కూడా అదే ప్రకటనలో రాశారు. ఆ 41 తర్వాత అయిదారు రోజులపాటు కదలలేదు. కోటీ పది లక్షల జనాభా ఉన్న ఊళ్ళో అంటువ్యాధి ఒక అంకె దగ్గర స్కూలు పిల్లవాడిలా చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

ఎందుకు నిలబడింది? ఒక కారణం పరీక్షలు. ఊళ్ళో పరీక్ష చేసుకోవడానికి కిట్లు జనవరి 16 ప్రాంతం దాకా అందలేదు. ఖాయం చేయాలంటే వైరస్ జన్యుక్రమం మొత్తం సరిపోల్చాలని మొదటి నిబంధన. రోజుకు వందలమంది దగ్గుతూ వచ్చే ఆసుపత్రిలో అది జరిగే పనేనా? రెండో కారణం నిర్వచనం. అనుమానిత కేసుగా చేర్చుకోవడానికి మొదట్లో వ్యాధి లక్షణాలతోబాటు ఆ మార్కెట్టుతోనో, వుహాన్‌తోనో సంబంధం చూపాలన్నారు. నగరంలో డాక్టర్లకు ఇది ఆచరణలో మార్కెట్టు సంబంధం అనే షరతు అయి కూర్చుంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. మార్కెట్టుకు వెళ్ళినవాళ్ళనే లెక్కలో చేర్చుకుంటే, లెక్కలో ఉన్నవాళ్ళంతా మార్కెట్టుకు వెళ్ళినవాళ్ళే అయితీరతారు. అప్పుడు "వ్యాధి మార్కెట్టు నుంచి వస్తున్నది, మనిషి నుంచి మనిషికి రావడం లేదు" అనే ముగింపు లెక్కలోంచే పుట్టినట్టు కనిపిస్తుంది. నిజానికి అది లెక్క మొదలుపెట్టకముందే అందులో పెట్టిన మాట. తర్కశాస్త్రం చదివేవాళ్ళు దీన్ని చక్రక దోషమంటారు. మన ఇళ్ళల్లో అయితే దీపం వెలుగున్నచోటే తాళంచెవి వెతకడం అంటారు.

మూడో కారణం వైద్యానికి సంబంధించినది కాదు. జనవరి 6 ప్రాంతం నుంచి 17 దాకా మొదట వుహాన్ నగర, తర్వాత హుబే రాష్ట్ర ప్రజాప్రతినిధుల వార్షిక సభలు జరిగాయి. ప్రకటనలు మానేసిన రోజులూ, సంఖ్య కదలని రోజులూ ఆ సభల రోజుల్లో చక్కగా ఇమిడిపోతాయి. తేదీలు అలా కలిసినంతమాత్రాన కుట్ర రుజువైనట్టు కాదు. కాని సభలు ముగిశాక సంఖ్య ఎలా కదిలిందో చూడండి: 45, 62, జనవరి 20 నాటికి 198.

అంకె లోపల ఏమున్నది

జనవరి 24న, అంటే వుహాన్‌కు తాళం పడిన మర్నాడు, లండన్ నుంచి వెలువడే లాన్సెట్ వైద్యపత్రికలో చైనా డాక్టర్లే రాసిన వ్యాసం ఒకటి అచ్చయింది. అందులోని రోగులు సరిగ్గా ఆ 41 మందే. వారిలో 27 మందికి హువానాన్ మార్కెట్టుతో సంబంధం ఉన్నది. మిగిలిన 14 మందికి లేదు. అందరికంటే ముందు, డిసెంబరు 1న, లక్షణాలు కనబడిన వ్యక్తికే లేదు. మరొక సంగతి. చనిపోయిన మొదటి రోగి తరచు మార్కెట్టుకు వెళ్ళేవాడు. అతనికి జబ్బు మొదలైన అయిదు రోజులకు 53 ఏళ్ళ భార్యకు న్యుమోనియా వచ్చింది. ఆవిడ ఆ మార్కెట్టు మొహం చూసినట్టు దాఖలా లేదు.

భర్త నుంచి భార్యకు వచ్చిందంటే దాన్ని "స్పష్టమైన ఆధారం" అనవచ్చా, "అస్పష్టమైన" అనాలా? శాస్త్రజ్ఞుడు జాగ్రత్తపడతాడు, ఒక్క ఉదాహరణతో తీర్పు చెప్పడు. ఆ జాగ్రత్తను తప్పుపట్టను. కాని ఊరివాళ్ళకు చెప్పవలసిన మాట వేరు. "భార్యకు కూడా వచ్చింది, ఇంకా పరిశీలిస్తున్నాం, ఈలోగా దూరంగా ఉండండి" అని చెబితే శాస్త్రానికేమీ లోటు రాదు. శాస్త్రజ్ఞుడి జాగ్రత్తను ప్రభుత్వం అరువు తెచ్చుకుని ప్రజలమీద వాడింది. నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా తోచేది ఇదే.

అదీగాక డిసెంబరు 27నే హుబే రాష్ట్ర ఆసుపత్రి ఒకదానిలో పనిచేసే డాక్టరు జాంగ్ జిషియాన్ ఒకే ఇంట్లోని వృద్ధ దంపతులకూ వారి కొడుక్కూ ఊపిరితిత్తుల్లో ఒకే రకం మచ్చలు కనబడ్డాయని పై అధికారులకు తెలియజేశారు. కొడుక్కి పైకి ఏ లక్షణమూ లేదు. ఆవిడే పట్టుబట్టి అతనికి స్కాన్ తీయించారు. ఒకే కుటుంబంలో ముగ్గురు! తర్వాత ఆమెను ప్రభుత్వం సత్కరించింది. ఆమె పంపిన కబురు మాత్రం ప్రకటనలోకి రాలేదు. జనవరి 29న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 425 మంది రోగులను గురించి వచ్చిన వ్యాసం, దగ్గరగా మెలిగినవారి మధ్య డిసెంబరు నడిమి నుంచే వ్యాధి పాకిందని చెప్పింది. ఈ వ్యాసం చూసి చైనాలో చదువుకున్నవాళ్ళు మండిపడ్డారు. తెలిసినవాళ్ళు ఊరికి చెప్పకుండా పత్రికకు రాశారా అని అడిగారు. ఆ లెక్కలు వెనక్కి తిరిగి చూసినప్పుడు తేలినవని వ్యాసకర్తల పక్షాన సమాధానం వచ్చింది. అందులోనూ కొంత న్యాయం లేకపోలేదు.

ఒక మెతుకు పట్టి చూడటం

ఇప్పుడు లోపలి కాగితాలేవీ చూడకుండానే, పైనున్నవాళ్ళు ఆ 41ని ఎలా సందేహించారో చెప్పుకోవాలి. విద్యార్థి మిత్రులు ఒక కాగితం, పెన్సిలు తీసుకుంటే బాగుంటుంది. ఇంటర్మీడియెట్ లెక్కలు చాలు.

జనవరి 13న థాయ్‌లాండ్‌లో ఒక కేసు బయటపడింది. వుహాన్ నుంచి వచ్చిన యాత్రికురాలు, హువానాన్ మార్కెట్టుకు వెళ్ళనిది. తర్వాత జపాన్‌లో ఒకటి, థాయ్‌లాండ్‌లోనే ఇంకొకటి. మొత్తం మూడు. లండన్ ఇంపీరియల్ కాలేజీలోని అంటువ్యాధుల పరిశోధకులు తమను తాము అడిగిన ప్రశ్న ఇది: వుహాన్‌లో 41 మందే ఉంటే, ముగ్గురు విమానమెక్కి విదేశాల్లో పట్టుబడటం సాధ్యమా?

వుహాన్ విమానాశ్రయం నుంచి రోజుకు సగటున 3,301 మంది విదేశాలకు వెళ్తారు. ఆ విమానాశ్రయాన్ని వాడుకునే ప్రాంతం జనాభా కోటీ 90 లక్షలు. వ్యాధి సోకిన నాటి నుంచి పట్టుబడే నాటికి 10 రోజులు పడుతుందనుకుందాం. ఆ పది రోజుల్లో 33,010 మంది విదేశాలకు వెళ్తారు. కోటీ 90 లక్షలను 33,010తో భాగించండి. సుమారు 575 వస్తుంది. అంటే ఆ ప్రాంతంలో 575 మందిలో ఒక్కడు ఆ రోజుల్లో విదేశీ విమానం ఎక్కుతాడు. రోగుల్లోనూ అదే పాళ్ళు ఉంటే, విదేశాల్లో దొరికిన ఒక్కొక్క రోగికి వెనక వుహాన్‌లో 575 మంది ఉన్నట్టు. ముగ్గురు దొరికారు కనుక మూడుతో హెచ్చవేయండి. 1,725 వస్తుంది. వాళ్ళు చెప్పిన సంఖ్య 1,723.

జనవరి 12 నాటికి వుహాన్‌లో 1,723 మంది రోగులు ఉండి ఉంటారని జనవరి 17న వాళ్ళు ప్రకటించారు. 41 ఎక్కడ, 1,723 ఎక్కడ! అయిదు రోజుల తర్వాత, విదేశాల్లో దొరికిన కేసులు ఏడు అయ్యాక, ఇదే లెక్క మళ్ళీ వేస్తే జనవరి 18 నాటికి 4,000 అని వచ్చింది.

కుండలో అన్నం ఉడికిందో లేదో చూడటానికి మన అమ్మలు చేసేదీ ఇదే. మెతుకు ఒకటి చాలు. అయితే మెతుకును కుండ అంచున పట్టారా, నడుమ పట్టారా అన్నది ముఖ్యం. విదేశాలకు వెళ్ళేవాడు సాధారణ పౌరుడిలాగే జబ్బుపడతాడని అనుకున్నారు. వాడు మార్కెట్టు ఛాయలకు పోని ధనికుడైతే అసలు సంఖ్య ఇంకా పెద్దది కావచ్చు. ముగ్గురే అన్నది కూడా చిన్న సంఖ్య, దాన్లో యాదృచ్ఛికం పాలు ఎక్కువ. అందుకే ఆ పరిశోధకులు 1,723తో ఊరుకోకుండా అసలు సంఖ్య 427 నుంచి 4,471 దాకా ఎక్కడైనా ఉండవచ్చునని రాశారు. ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటున్నది. సందేహించినవాడు తన సందేహం ఎంతవరకు తప్పు కావచ్చునో తానే చెప్పాడు. సర్కారు వారి 41కి అటూ ఇటూ ఏమీ లేదు. పోనీ అడుగు హద్దయిన 427 తీసుకుందాం. అప్పటికీ 41కి పదిరెట్లు!

లెక్కలో లేని మనిషి

డిసెంబరు 30న వుహాన్ సెంట్రల్ ఆసుపత్రిలో అత్యవసర విభాగం అధిపతి డాక్టరు ఐ ఫెన్ చేతికి ఒక రోగి పరీక్ష ఫలితం వచ్చింది. అందులో సార్స్ కరోనా వైరస్ అని ఉన్నది. ఆమె ఆ మాటచుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి తోటి డాక్టరుకు పంపారు. అది చేతులు మారి అదే ఆసుపత్రిలో కంటి డాక్టరు లీ వెన్లియాంగ్‌కు చేరింది. ఆయన తన వైద్యకళాశాల సహాధ్యాయుల సెల్‌ఫోన్ బృందంలో, మార్కెట్టు నుంచి వచ్చిన 7గురికి సార్స్ ఖాయమైందని రాశాడు. కాసేపటికి, కరోనా వైరస్ అని తేలింది గాని ఏ రకమో చూస్తున్నారని సవరించాడు. బయట చెప్పవద్దనీ, ఇంట్లోవాళ్ళను జాగ్రత్తగా ఉండమనమనీ కోరాడు.

జనవరి 1న వుహాన్ పోలీసులు వదంతులు పుట్టించిన 8 మందిమీద చర్య తీసుకున్నామని ప్రకటించారు. కేంద్ర ప్రభుత్వ టెలివిజన్ దాన్ని దేశమంతా వినిపించింది. జనవరి 3న లీ వెన్లియాంగ్‌ను పోలీసు స్టేషనుకు పిలిపించి ఒక హెచ్చరిక పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇలాంటి పనులు మానుకోగలవా, అర్థమైందా అనే రెండు ప్రశ్నలకు "మానుకోగలను", "అర్థమైంది" అని రాసి వేలిముద్ర వేశాడు.

ఆయన సందేశంలో తప్పు లేదా? ఉన్నది. అది పాత సార్స్ కాదు, దానికి దగ్గరి చుట్టం. పోలీసులు పట్టుకున్నది ఆ తేడానే. జనవరి 28న చైనా సుప్రీం కోర్టు తన అధికారిక ఖాతాలో పెట్టిన వ్యాసం ఈ విషయాన్ని చక్కగా విడమర్చింది. ఆ రోజు జనం ఈ "వదంతి"ని నమ్మి ముసుగులు కట్టుకుని, మార్కెట్టుకు పోకుండా ఉండి ఉంటే మేలే జరిగేదని ఆ వ్యాసం సారాంశం. కోర్టు తూచినట్టు మనమూ తూచి చూడవచ్చు. ప్రభుత్వ ప్రకటన మాటల్లో ఒప్పు, ఫలితంలో తప్పు. డాక్టరు సందేశం మాటల్లో తప్పు, ఫలితంలో ఒప్పు.

ఇక ఆ అంకె దగ్గరకు మళ్ళీ వద్దాం. తన దగ్గరికి చూపించుకోవడానికి వచ్చిన కంటిరోగి నుంచి సోకి, జనవరి 10న లీ వెన్లియాంగ్‌కు దగ్గు మొదలైంది. 11న జ్వరం. 12న ఆసుపత్రిలో చేరాడు. వైద్య సిబ్బందిలో ఎవరికీ సోకలేదని నగర ఆరోగ్య కమిషన్ వారు ప్రకటించినది ఆ 11వ తేదీనే! ఆయన 41లో లేడు. 198లోనూ లేడు. పరీక్ష ఫలితం ఫిబ్రవరి 1న గాని ఖాయం కాలేదు. మంచం మీదున్న డాక్టరు మూడువారాలపాటు ప్రభుత్వం లెక్క ప్రకారం ఆ జబ్బు లేనివాడే. ఫిబ్రవరి 7 తెల్లవారుజామున చనిపోయాడు. ఆ రాత్రి చైనాలో లక్షలమంది సెల్‌ఫోన్ల ముందు కూర్చుని దుఃఖించారు, కోపగించారు. మార్చి 19న విచారణ సంఘం నివేదిక వచ్చాక పోలీసులు ఆ హెచ్చరిక పత్రాన్ని రద్దుచేసి కుటుంబానికి క్షమాపణ చెప్పారు. ఏప్రిల్‌లో అమరవీరుల జాబితాలో చేర్చారు.

ఐ ఫెన్ కథ ఒక పత్రికలో మార్చి 10న వచ్చి, వచ్చిన గంటల్లోనే మాయమైంది. పాఠకులు ఊరుకోలేదు. ఆ సంభాషణను వెనకనుంచి ముందుకు తిప్పిరాసీ, మోర్స్ సంకేతాల్లో రాసీ, అక్షరాలకు బదులు బొమ్మలు పెట్టీ, తుడిపివేసేవాళ్ళకు అంతుపట్టకుండా మళ్ళీ మళ్ళీ పెట్టారు. వుహాన్ వీధుల్లో తిరిగి చూసినది చూసినట్టు చెప్పిన జాంగ్ జాన్ అనే ఆవిడకు మాత్రం 2020 డిసెంబరులో నాలుగేళ్ళ జైలు శిక్ష పడింది.

తాళం పడిన ఊరు

జనవరి 14న ప్రపంచ ఆరోగ్య సంస్థ, చైనా అధికారుల ప్రాథమిక పరిశీలన ప్రకారం మనిషి నుంచి మనిషికి సోకినట్టు స్పష్టమైన ఆధారం లేదని లోకానికి చెప్పింది. అదేరోజు ఆ సంస్థకే చెందిన నిపుణురాలు, పరిమితంగా సోకే అవకాశం ఉన్నదని విలేఖరులతో అన్నారు. లోకం మొదటి మాటనే గుర్తుపెట్టుకున్నది. జనవరి 18న వుహాన్‌లోని బైబూటింగ్ అనే పేటలో 40,000 కుటుంబాల సామూహిక విందు జరిగింది. 20న వృద్ధ వైద్యుడు జోంగ్ నాన్‌షాన్ టెలివిజన్‌లో, ఇది మనిషి నుంచి మనిషికి సోకుతుందనీ, 14 మంది వైద్య సిబ్బందికి సోకిందనీ తేల్చిచెప్పాడు. 23 ఉదయం పది గంటలకు ఊరు మూసేశారు. అప్పటికే 50 లక్షలమంది ఊరు విడిచి వెళ్ళారని మేయరు జౌ షియాన్‌వాంగ్ స్వయంగా చెప్పాడు. స్థానిక ప్రభుత్వంగా తనకు పైనుంచి అనుమతి వచ్చాకే సమాచారం వెల్లడించే వీలుంటుందని కూడా ఆయనే టెలివిజన్‌లో అన్నాడు. అలా వెళ్ళినవారిలో మనవాళ్ళూ ఉన్నారు. జనవరి 30న కేరళలోని త్రిస్సూర్‌లో మనదేశపు మొదటి కేసు, వుహాన్‌లో వైద్యం చదువుతూ వచ్చిన విద్యార్థిని. ఫిబ్రవరి 1న ఢిల్లీకి వచ్చిన ప్రత్యేక విమానంలోని 324 మందిలో ఆంధ్రప్రదేశ్ నుంచి శిక్షణకు వెళ్ళిన యువ ఇంజనీర్లు కూడా ఉన్నారు.

చైనాకు ఇది మొదటి అనుభవమూ కాదు. 2003 ఏప్రిల్‌లో సార్స్ సమయంలో బీజింగ్‌లో 12 కేసులేనని ఆరోగ్యమంత్రి చెప్పాడు. జియాంగ్ యాన్‌యోంగ్ అనే సైనిక వైద్యుడు, ఒక్క ఆసుపత్రిలోనే అంతకంటే ఎన్నోరెట్లు ఉన్నాయని ఉత్తరం రాసి బయటపెట్టాడు. ఏప్రిల్ 20న ఆ సంఖ్యను 339కి సవరించారు, మంత్రినీ మేయరునూ తొలగించారు. మళ్ళీ అలా జరగకూడదనే 2004 నుంచి ఆసుపత్రి డాక్టర్లు నేరుగా బీజింగ్‌కు తెలియజేసే యంత్రాంగం ఏర్పాటు చేశారు. యంత్రం ఉన్నది. మీట నొక్కేవాడు అనుమతికోసం ఎదురుచూశాడు.

2020 ఫిబ్రవరిలో నిర్వచనం మార్చడం వల్ల అంకె ఎగరడం కూడా చూశాం. ఫిబ్రవరి 12వ తేదీ ఒక్కరోజు లెక్కలో హుబేలో 14,840 కొత్త కేసులు. వాటిలో 13,332 మంది ఆ రోజు జబ్బుపడినవాళ్ళు కారు. స్కాన్ చూసి డాక్టరు నిర్ధారించినా చాలునని నియమం మార్చడంతో లెక్కలోకి వచ్చినవాళ్ళు. ఫిబ్రవరి 20 దాకా చైనా మొత్తానికి ప్రకటించిన కేసులు 55,508. అయిదో నిర్వచనాన్నే మొదటి నుంచి వాడి ఉంటే అవి 2,32,000 అయ్యేవని హాంకాంగ్ విశ్వవిద్యాలయం వారు లెక్కగట్టారు. ఏప్రిల్ 17న వుహాన్ అధికారులు మరణాలకు ఒకేసారి 1,290 కలిపి 2,579ని 3,869 చేశారు. ఇళ్ళల్లో పోయినవారు మొదట్లో లెక్కకు రాలేదని కారణం చెప్పారు. తప్పు దిద్దుకోవడాన్ని కూడా అనుమానించేవాళ్ళున్నారు. సరిగా సగానికి సగం పెరగడమేమిటని వాళ్ళ ప్రశ్న. ఆ ఒక్క పోలికతో ఏమీ తేలదు.

ఇలాంటి తేలని అనుమానాలు అప్పట్లో కోకొల్లలు. ఫిబ్రవరి మొదట్లో ఒక పెద్ద చైనా కంపెనీ పొరబాటున అసలు మరణాల సంఖ్య బయటపెట్టేసిందంటూ 24,589 అనే అంకె ఉన్న బొమ్మ ఒకటి ప్రపంచమంతా తిరిగింది. అది ఎవరు తీశారో, ఎక్కడ కనబడిందో ఎవరూ చూపలేదు. ఇంపీరియల్ కాలేజీ 1,723కీ దీనికీ తేడా ఇక్కడే. ఆ లెక్కలో ప్రతి మెట్టూ మనం కాగితంమీద మళ్ళీ ఎక్కి చూడవచ్చు. ఈ బొమ్మను నమ్మాలి, లేదా మానాలి. మన దగ్గరా కోడిమాంసం తింటే కరోనా వస్తుందని పుకారు పుట్టి కోళ్ళఫారాల వాళ్ళు మునిగిపోతే, ఫిబ్రవరి 28న హైదరాబాదులో మంత్రులు వేదికమీద కోడికూర తిని చూపించవలసి వచ్చింది. అధికారులు నోరు మూసుకున్నచోట పుకారుకు నోరొస్తుందనడానికి వుహాన్ ఒక్కటే సాక్ష్యం కాదు.

మరి ఈ చక్రక దోషం చైనా సొత్తా? ఫిబ్రవరి చివర అమెరికాలో, కాలిఫోర్నియాలో, ఒక రోగికి పరీక్ష ఆలస్యమైంది. చైనాకు వెళ్ళిరాలేదు, వెళ్ళివచ్చినవారితో మెలగలేదు కనుక నియమం ప్రకారం పరీక్షకు అర్హత లేదు. చివరకు చేస్తే కరోనా అని తేలింది. చైనా ప్రయాణంతో ముడిపెట్టి వెతికినన్నాళ్ళూ చైనా ప్రయాణంతో ముడిపడ్డ కేసులే దొరికాయి. స్వేచ్ఛగా పత్రికలున్న దేశంలో ఇది జరిగింది. తేడా ఏమిటంటే ఆ ఆసుపత్రివాళ్ళు సంగతి ఉత్తరంలో రాసి బయటపెడితే వాళ్ళచేత ఎవరూ సంతకం పెట్టించుకోలేదు.

మనదేశంలో కూడా 2020 మార్చి 20 దాకా విదేశాల నుంచి వచ్చినవారికీ, వారితో మెలిగినవారికీ, ఇంకా కొద్ది తరగతులకూ మాత్రమే పరీక్షలు చేశారు. "సామాజిక వ్యాప్తి లేదు" అని రోజూ సాయంత్రం చెప్పేవారు. తీవ్రమైన శ్వాసకోశ వ్యాధితో ఆసుపత్రిలో చేరినవారందరికీ చేయాలని ఆ రోజున నియమం మార్చారు. భారత వైద్య పరిశోధన మండలి ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 2 దాకా అలాంటి రోగులు 5,911 మందిని పరీక్షించిన ఫలితాలను ఏప్రిల్‌లో ప్రచురించింది. 104 మందికి కరోనా ఉన్నట్టు తేలింది. వారిలో 40 మంది విదేశాలకు వెళ్ళలేదు, వెళ్ళివచ్చినవారెవరినీ ఎరగరు. ఆ నలభైమందికి జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? జూన్ 11న అదే మండలి అధిపతి విలేఖరుల ముందు కూర్చుని, దేశంలో సామాజిక వ్యాప్తి లేదని చెప్పారు.